పిల్లల్ని కనమంటున్నారు సరే, పెద్దవాళ్ళను చూసేదెవరు?

2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఇద్దరితో ఆగకుండా ఇంకా పిల్లల్ని కనండి అన్నప్పుడు చాలామంది నవ్వి వదిలేశారు. మరుసటి నెలలోనే, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధనను అసెంబ్లీ ఎత్తేసింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని ప్రకటించారు. ఇక అప్పటినుంచీ పెళ్ళిళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట. జనాభా తగ్గిపోతోంది, రేపు పన్నులెవరు కడతారు, ముసలివాళ్ళకు పింఛన్లు ఎక్కణ్ణుంచి వస్తాయి అని. ఈమధ్య బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర ఓ పెద్దాయన ఇదే మాట గట్టిగా అన్నారు, అందరూ తలూపారు. అందరి మధ్యా చెప్పేంత చిన్న జవాబు నా దగ్గర లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. ఆ భయం ఉత్తిది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పుడుతున్న పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. కేంద్రం వేయించిన జనాభా అంచనాల్లో చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్ళు 2021లో 12 శాతం చిల్లర, 2036కి 19 శాతం, అంటే అయిదుగురిలో ఒకరు. పదిహేనేళ్ళలో ఇంత మార్పు. ఫ్రాన్స్‌లో 65 దాటినవాళ్ళ వాటా 7 శాతం నుంచి 14 శాతానికి పెరగడానికి వందేళ్ళకు పైగా పట్టింది. ఆ వందేళ్ళలో వాళ్ళు పింఛన్లు, ఆస్పత్రులు, బీమాలు ఒక్కొక్కటీ కట్టుకుంటూ వచ్చారు. జపాన్‌కు పాతికేళ్ళు కూడా పట్టలేదు, అయినా ఆ పాటికి అది ధనిక దేశం. మనకు ఆ తీరికా లేదు, ఆ డబ్బూ లేదు.

కాబట్టి కంగారు పడ్డవాళ్ళను నేను తప్పు పట్టను. నేను ఒప్పుకోనిది వాళ్ళు చెప్పే పరిష్కారాన్ని. ముసలితనానికి కావలసినవి రెండు, డబ్బూ మనిషీ. మన ప్రభుత్వాలు డబ్బు ఇవ్వడం నేర్చుకున్నాయి, మనిషిని ఇవ్వడం గురించి ఇంతవరకూ ఆలోచించనే లేదు. ఆ ఖాళీని పూడ్చమని ఇంకా పుట్టని పిల్లలకు అప్పజెప్పడం, నా దృష్టిలో, బాధ్యత నుంచి తప్పుకోవడమే.

పుట్టేవాళ్ళు ఎప్పుడు అందివస్తారు

లెక్క సులువే. ఈ ఏడు పుట్టిన పిల్ల చదువు ముగించి జీతం తెచ్చుకుని పన్ను కట్టే వేళకి 2050 దగ్గర పడుతుంది. ఇప్పుడు యాభై దాటినవాళ్ళు అప్పటికి ఎనభైకి దగ్గర్లో ఉంటారు, లేదా ఉండరు. ఈలోగా ఆ పిల్లకు పాలూ, బడీ, ఫీజులూ అన్నీ ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళే చూసుకోవాలి, వాళ్ళే తమ తల్లిదండ్రులనూ చూసుకోవాలి. బరువు తగ్గడానికి ముందు పాతికేళ్ళ పాటు పెరుగుతుంది. ఇదంతా దాటినా, చెప్తే పిల్లలు పుడతారని ఏముంది? దక్షిణ కొరియా ఏళ్ళ తరబడి డబ్బు కుమ్మరించింది, 2023లో అక్కడి సగటు 0.72కి పడిపోయింది.

రోనాల్డ్ లీ, ఆండ్రూ మేసన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు, ఏ వయసులో మనిషి ఎంత సంపాదిస్తాడు, ఎంత ఖర్చు పెడతాడు, ఎవరి నుంచి ఎవరికి డబ్బు వెళ్తుంది అని దేశదేశాల లెక్కలు కట్టించారు. 2014లో సైన్స్ పత్రికలో తమ బృందంతో కలిసి వాళ్ళు అచ్చువేసిన వ్యాసం తేల్చింది ఇది: పిల్లలు మరీ తక్కువైపోతే జీవన ప్రమాణం దెబ్బతింటుంది, ప్రభుత్వ బడ్జెట్లకూ ఇబ్బందే, కానీ కాస్త తక్కువగా ఉంటే మొత్తం మీద ప్రజల జీవనానికి మంచిదే. మన 1.7 ఆ కాస్త తక్కువకే దగ్గర, కొరియా స్థితికి చాలా దూరంలో ఉంది. ఇంకో మాట, అరవై దాటగానే మనిషి ఇంకొకరి మీద ఆధారపడ్డట్టే లెక్క వేస్తారు చూశారా, అది పల్లెటూళ్ళు చూసిన ఎవరికైనా తప్పని తెలుస్తుంది. దేశమంతా చేసిన వృద్ధుల సర్వే, 2017–18 నాటిది, అరవై దాటినవాళ్ళలో మూడో వంతుకు పైగా ఇంకా పని చేస్తున్నారని చెప్పింది. నాట్లకు వెళ్ళే ముఠాల్లో అరవై అయిదేళ్ళ ఆడవాళ్ళు ఉంటారు. వాళ్ళను ఎవరు పోషిస్తున్నారు? వాళ్ళే ఇంట్లో మనవలను పోషిస్తున్నారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. అదీ ఇరవైల మొదట్లోనే, రెండో కాన్పు కాగానే. గోడల మీద ఎర్ర త్రికోణం వేసి, ఇంటింటికీ వచ్చి చెప్పి, ఒప్పించి తీసుకువెళ్ళారు. ఆపరేషన్ బరువు అంతా ఆడవాళ్ళే మోశారు, మగవాళ్ళలో చేయించుకున్నవాళ్ళు చాలా తక్కువ. ప్రభుత్వం మాట విన్న ఆ తరమే ఇప్పుడు అరవైల్లోకి వస్తోంది. వాళ్ళను ఎదురుగా పెట్టుకుని పిల్లలు తక్కువైపోయారు, అదే సమస్య అనడం నాకు మింగుడు పడదు. వాళ్ళు చేసింది తప్పయినట్టు మాట్లాడుతున్నాం.

జనాభా లెక్కన పంచితే మనకు లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న ఆందోళన వేరే సంగతి. అది కేంద్రంతో, రాజ్యాంగంతో తేల్చుకోవాల్సిన పంచాయితీ, దానికి ఆడవాళ్ళ కడుపుల్లో పరిష్కారం వెతకొద్దు.

పింఛను చేసిన మేలు

డబ్బు ఇవ్వడం దండగ అనేవాళ్ళ పక్షాన నేను లేను. చదువుకున్నవాళ్ళలో ఈ మాట ఎక్కువ వింటాను, ఊరికే పంచిపెడుతున్నారని. 2004 నాటికి వృద్ధాప్య పింఛను 75 రూపాయలు. ఆ తర్వాత రాజశేఖరరెడ్డి హయాంలో 200, 2014లో 1,000, 2019 ఎన్నికల ముందు 2,000, జగన్ ప్రభుత్వంలో మెట్టు మెట్టుగా 3,000, 2024 జులైలో 4,000. ఆ నెల మూడు నెలల బకాయితో కలిపి ఒక్కొక్కరికీ 7,000 ఇచ్చారు. వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, మిగతా వర్గాలూ కలిపి 65 లక్షల మందికి పైగా. పార్టీలు కొట్టుకుంటూనే ఈ ఒక్క విషయంలో ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయారు, దానివల్ల బాగుపడింది ముసలివాళ్ళే. కొడుకు ఇంట్లో పూట భోజనానికి మొహమాటపడే ముసలమ్మ ఇప్పుడు మనవడి చేతిలో వంద పెడుతోంది, మందుల కొట్టులో అప్పు తీరుస్తోంది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు నెల మొదట్లో ఒక పూట ఏ పల్లెలో అయినా కూర్చుని చూడాలి.

కేంద్రం సంగతి చూడండి. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను కింద కేంద్రం వాటా అరవై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ళ వాళ్ళకు నెలకు 200, ఎనభై దాటితే 500. ఆ 200 2007 నుంచి అలాగే ఉంది. ఆనాటి 200కి వచ్చిన బియ్యం ఈనాటి 200కి రావు కదా. ప్రైవేటు ఉద్యోగం చేసి, జీతంలో కోతలు కోయించుకున్నవాళ్ళకు పీఎఫ్ సంస్థ ఇచ్చే కనీస పింఛను 1,000, అదీ 2014 నుంచి కదల్లేదు. ముసలితనం దేశ సమస్య అని ఢిల్లీలో నివేదికలు వస్తూనే ఉంటాయి, ఖర్చు మాత్రం రాష్ట్రాల నెత్తిన.

అయితే 2024 ఏప్రిల్‌లో జరిగింది గుర్తు తెచ్చుకోండి. అప్పటిదాకా ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చిన వాలంటీర్లు ఎన్నికల వేళ వాటిని పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. ముసలివాళ్ళు ఎర్రటి ఎండలో గ్రామ సచివాలయాలకు నడిచారు, తర్వాతి నెలలో బ్యాంకుల ముందు నిలబడ్డారు, కొందరు ఆ ఎండకు పోయారని వార్తలొచ్చాయి. దాన్ని రెండు పక్షాలూ రాజకీయంగా వాడుకున్నాయి. ఆ గొడవలో నాకు అర్థమైంది ఏమిటంటే, తలుపు తట్టి పలకరించే మనిషి పోయేసరికి అదే డబ్బు చేతికందడం కూడా కష్టమైపోయింది. డబ్బుతో పాటు ఒక మనిషి కూడా ఇంటికి వస్తున్నాడన్న సంగతి అప్పటిదాకా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మా పెద్దమ్మ నిద్ర

మా పెదనాన్నకు మతిమరుపు జబ్బు. మామూలు మరుపు కాదు, ఇల్లు గుర్తుండదు, తిన్నది గుర్తుండదు, అర్ధరాత్రి లేచి గొళ్ళెం తీసి కాలువ గట్టు వైపు వెళ్ళిపోతారు. నడవగలరు కాబట్టి ఆయన మంచాన పడ్డవాళ్ళ లెక్కలోకి రారు. పింఛను ఆయన పేరు మీద వస్తుంది. ఇంటికి ఒక్కరికే వృద్ధాప్య పింఛను కాబట్టి పెద్దమ్మకు లేదు. ఆయన పోతే ఆవిడకు మరుసటి నెల నుంచే ఇచ్చేలా ఇప్పుడు నిబంధన మార్చారు, అది మంచి పనే, కానీ ఆయన ఉన్నంతకాలం రాత్రింబవళ్ళు కాపలా కాసే మనిషికి తన పేరు మీద ఒక్క రూపాయి లేదు. ఇద్దరు కొడుకులూ మంచివాళ్ళు, ఒకరు హైదరాబాదు, ఒకరు పుణె. డబ్బు పంపుతారు, ఫోన్ చేస్తారు, పండక్కి వస్తారు. ముగ్గురు కొడుకులుండి ఉంటే మూడోవాడు బెంగళూరులో ఉండేవాడు.

పోయినసారి వెళ్ళినప్పుడు ఏమైనా కావాలా పెద్దమ్మా అని అడిగితే ఆవిడ అంది, "డబ్బుకేం లోటు లేదే అమ్మాయ్. ఒక్క రాత్రి ఆయన్ని ఎవరన్నా చూసుకుంటే కంటినిండా నిద్రపోతాను." ఊళ్ళో ఆ పనికి మనిషి దొరకదు. పట్నంలో ఏజెన్సీల వాళ్ళు అడిగేది నెలకు ఇరవై వేల పైమాటే, వచ్చిన అమ్మాయికి అందులో సగం కూడా దక్కదు, ఏ శిక్షణా ఉండదు. పాపం ఆ అమ్మాయి పదిరోజులకే వెళ్ళిపోయిందని విసుక్కుంటాం.

పక్షవాతంతో పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకు మన ప్రభుత్వం నెలకు 15,000 ఇస్తోంది. ఇది చాలా పెద్ద మాట, ఇంకో మనిషి సాయం లేకుండా వాళ్ళు బతకలేరని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కానీ అదీ డబ్బు రూపంలోనే. 2025 మొదట్లో అనర్హులను ఏరేయడానికి డాక్టర్ల బృందాలు ఆ ఇళ్ళకు వెళ్ళి పరీక్షలు చేశాయి. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయనే మాట నిజమే కావచ్చు, తనిఖీ వద్దనను. కానీ మంచం పక్కకు డాక్టరును పంపగలమని ప్రభుత్వం నిరూపించుకుంది కదా. ఆ డాక్టరో, ఒక నర్సో నెలకోసారి పుండ్లు పడ్డాయేమో చూడటానికి, పక్క మార్చడం ఇంట్లోవాళ్ళకు నేర్పడానికి ఎందుకు వెళ్ళకూడదు?

కోడళ్ళ పక్షాన నిలబడ్డ చట్టం

జపాన్‌లో ఈ చర్చ 1990ల్లో నడిచింది. అక్కడా అత్తమామలను చూసుకోవడం కోడలి పనే. ముసలివాళ్ళ సంరక్షణకు ప్రత్యేక బీమా పెట్టాలనుకున్నప్పుడు, చూసుకునే కుటుంబానికి డబ్బు ఇచ్చేద్దామని ఒక వాదన వచ్చింది. మహిళా సంఘాలు గట్టిగా అడ్డం తిరిగాయి. డబ్బు ఇస్తే కోడలికి ఆ చాకిరీ శాశ్వతమవుతుంది, పైగా జీతం తీసుకుంటున్నావు కదా అంటారు, మాకు సేవలు కావాలి అన్నాయి. 2000 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన పథకంలో అదే నెగ్గింది. నలభై దాటిన ప్రతి ఒక్కరూ బీమా కడతారు, సగం ఖర్చు పన్నుల నుంచి, అవసరాన్ని బట్టి ఇంటికి సహాయకులు వస్తారు, లేదా పగటిపూట కేంద్రానికి తీసుకువెళ్ళి సాయంత్రం దింపుతారు. జర్మనీ 1995లో పెట్టిన బీమాలో డబ్బు, సేవ, ఏదైనా ఎంచుకోవచ్చు. డబ్బు తీసుకుంటే వచ్చేది సేవల విలువ కంటే బాగా తక్కువ, అయినా ఎక్కువ కుటుంబాలు డబ్బే తీసుకున్నాయి, ఇంట్లో ఆడవాళ్ళు చేస్తూనే ఉన్నారు. ఈ రెండు దేశాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూశాకే నా అభిప్రాయం గట్టిపడింది.

జపాన్‌లో అంతా బాగుందని చెప్పడం లేదు. 65 దాటినవాళ్ళు కట్టే నెలవారీ ప్రీమియం మొదట్లో సగటున 3 వేల యెన్‌లోపు, ఇప్పుడు 6 వేలు దాటింది. పనివాళ్ళకు జీతాలు తక్కువ, మనుషులు దొరకడం లేదు. అందుకే ఇప్పుడు బయటి దేశాలవాళ్ళను పిలుచుకుంటున్నారు.

బయటివాళ్ళు అంటే ఎవరు? మనవాళ్ళూ ఉన్నారు. ఇజ్రాయెల్‌లో 1988 నుంచి అమల్లో ఉన్న చట్టం కింద, ఇంట్లోనే ఉంటూ సాయం కావలసిన ముసలివాళ్ళకు వారానికి ఇన్ని గంటలని అక్కడి జాతీయ బీమా సంస్థ ఖర్చు భరిస్తుంది. ఆ గంటలు పని చేసేవాళ్ళలో నిజామాబాదు, జగిత్యాల వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళున్నారు. కువైట్‌లో మన కడప, గోదావరి ఆడవాళ్ళు ఇళ్ళల్లో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి మందులు వేస్తున్నారు. అంటే ఈ పని చేయగల మనుషులు మనకు లేరనడానికి లేదు. అది ఒక ఉద్యోగంగా, జీతంతో, మన ఊళ్ళో లేదు, అంతే. ఊళ్ళో తల్లిని పక్కింటివాళ్ళకు అప్పగించి, పరాయి దేశంలో ఇంకొకరి తల్లికి అన్నం తినిపించడానికి అప్పు చేసి విమానం ఎక్కుతున్నారు.

నా స్నేహితుడి ప్రశ్న

ఇదంతా నాతో చదువుకున్న ఒక టీచరుకు చెప్పాను. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాడు కాబట్టి పాత పింఛను లేదు, జీతంలోంచి వాటా కట్టించుకునే సీపీఎస్ పింఛను పథకంలో ఉన్నాడు, రిటైరయ్యాక ఎంత వస్తుందో తెలియని టెన్షన్ అతనిది. "ముందు నా ముసలితనానికి దిక్కు చెప్పు, ఇప్పటికే ఏడాదికి 30 వేల కోట్లకు పైగా పింఛన్లకు పోతోంది, మళ్ళీ ఇంటింటికీ మనుషులా? జీతాలే ఆలస్యమవుతుంటే!" అన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. డబ్బయితే పంచడం తేలిక, దొంగలించడం కష్టం, సేవ అనేసరికి మనిషి రాడు, వచ్చినట్టు సంతకం మాత్రం పడుతుంది, పార్టీ మనుషులకే ఉద్యోగాలిస్తారు అని.

ఈ రెండో మాటను కొట్టిపారేయలేను. వాలంటీర్ల వ్యవస్థ ఏ పార్టీదన్న గొడవలోనే ముగిసిపోవడం చూశాం. కానీ మనకు దగ్గర్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. కేరళ 2008లో పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బులున్నవాళ్ళ బాధ తగ్గించే సంరక్షణకు, ఒక విధానం ప్రకటించింది. మలప్పురం, కోళిక్కోడు ప్రాంతాల్లో ఊరివాళ్ళు సొంతంగా మొదలుపెట్టిన పనిని పంచాయతీలకు అప్పగించి, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు శిక్షణ పొందిన నర్సు క్రమం తప్పకుండా వెళ్ళే ఏర్పాటు చేసింది. నర్సుతో పాటు ఊళ్ళోని స్వచ్ఛంద కార్యకర్తలు వెళ్తారు, రాలేదంటే ఆ వార్డులోనే అడిగేవాళ్ళుంటారు. నిఘా అక్కడినుంచి వస్తుంది, విజయవాడలో డ్యాష్‌బోర్డు నుంచి కాదు. మన దగ్గర గ్రామ సచివాలయం ఉంది, ఏఎన్ఎం ఉంది, ఆశా వర్కరు ఉంది, డ్వాక్రా సంఘాలున్నాయి. ఊరికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకు ఆరు నెలలు శిక్షణ ఇచ్చి జీతం ఇస్తే, ఆ జీతం మళ్ళీ ఆ ఊళ్ళోనే ఖర్చవుతుంది. ఆశాల మీద ఇంకో బరువు మోపి పని అయిపోయిందనిపించుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. వాళ్ళకు ఇప్పటికే చేతినిండా పని ఉంది.

డబ్బు గురించి కూడా అతనితో వాదించాను. పింఛనును మళ్ళీ మళ్ళీ పెంచే బదులు, వచ్చే ఎన్నికల్లో 5,000, 6,000 అని పోటీ పడే బదులు, ఆ పెంపు సొమ్మును మనుషుల జీతాలకు మళ్ళించమంటున్నాను. ఓట్లు రాలవని వాడు అంటాడు. రాలకపోవచ్చు. 4,000 ఇచ్చినవాడి పేరు గుర్తుంటుంది, నర్సును పంపినవాడి పేరు గుర్తుంటుందో లేదో నాకూ నమ్మకం లేదు. కానీ ఇంట్లో ఒక మనిషి మంచాన పడితే ఎవరి ఉద్యోగం పోతుంది? దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళదే. పనిచేసే వయసువాళ్ళు తగ్గిపోతున్నారని కంగారు పడుతూ, పని చేయగల ఆడవాళ్ళను మంచం పక్కన కూర్చోబెట్టుకుంటున్నాం. ఇంకో పాతికేళ్ళకు అందివచ్చే పిల్లల కోసం ఎదురుచూడక్కర్లేదు, ఈ ఆడవాళ్ళు ఈ రోజే ఉన్నారు.

అన్నీ ఒకేసారి కావు, తెలుసు. ఇంటికి ఒకే పింఛను అన్న నిబంధనను, కనీసం ఇంట్లో ఒకరు ఇంకొకరిని చూసుకుంటున్న చోట, ఎత్తేయడంతో మొదలుపెట్టవచ్చు. మండలానికి ఒక పగటి కేంద్రం, అందులో మతిమరుపు ఉన్నవాళ్ళను సాయంత్రం దాకా చూసుకునే ఏర్పాటు. రాత్రిపూట మనిషి దొరికే ఏర్పాటు దీనికంటే కష్టం, ఖర్చూ ఎక్కువ, దానికి కేంద్రం కదలక తప్పదు, 200 రూపాయలతో ఆ మాట ఎత్తే హక్కు దానికి లేదు. నా స్నేహితుడు ఇంకా ఒప్పుకోలేదు. ముందు సీపీఎస్ తేల్చమంటాడు, ఆ తర్వాతే మిగతావి అంటాడు. మా ఇద్దరికీ అరవై రావడానికి ఇంక పదిహేనేళ్ళు కూడా లేదు.